లక్షలోపు సెకండ్ హ్యాండ్ డర్ట్ బైక్: అనంతపురం చుట్టుపక్కల ఆదివారం తిరగడానికి ఏది కొనాలి?

ఎర్రదుమ్ము | అనంతపురం | ఆదివారం రాత్రి 9:12

అన్నలకు నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మేం నలుగురం. ఆదివారం పొద్దున ఐదున్నరకు బయలుదేరి బుక్కరాయసముద్రం చెరువు దాటి సింగనమల వైపు గుట్టల పక్కన బండిబాటలు పట్టుకుంటాం. ఎండెక్కేలోపు ఇల్లు చేరతాం. ఒకసారి పెనకచర్ల డ్యామ్ దాకా కూడా పోయాం. ముగ్గురికి సరైన బండ్లున్నాయి. నేను మా నాన్న 100 సీసీ బండి మీద వాళ్ల వెనకాల దుమ్ము తింటూ పోతున్నా. పోయిన వారం వంకలోకి దిగుతుంటే సైలెన్సర్ రాయికి తగిలి సొట్టపడింది. నాన్న ఇంకా చూడలేదు.

బడ్జెట్ లక్ష. ట్రాన్స్‌ఫర్, టైర్లు అన్నీ అందులోనే. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ఇప్పటికి నాలుగు బండ్లు కంట్లో పడ్డాయి. టౌన్లోనే హీరో ఎక్స్‌పల్స్ 200, కార్బ్యురేటర్ (కార్బ్) మోడల్, 2019ది, 31 వేల కిలోమీటర్లు తిరిగింది, 95 వేలు చెప్తున్నాడు. బెంగళూరులో ఇంకో ఎక్స్‌పల్స్, బీఎస్6, కేఏ నంబరు, 98 వేలు. తాడిపత్రి దగ్గర ఒక హీరో ఇంపల్స్, 2012 మోడల్, 45 వేలు. నాలుగోది చూసినప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. 250 సీసీ అసలు సిసలు మోటోక్రాస్ బండి, 85 వేలే. కాగితాలు లేవంట. "పొలాల్లో తోలుకునేదానికి కాగితాలెందుకన్నా" అంటున్నాడు.

మీరేమంటారు?

మూడోగేరు | ధర్మవరం | 9:20

ముందు ఆ సైలెన్సర్ మీ నాన్నకు చూపించు. ఆ తర్వాత కూడా బడ్జెట్ లక్షే ఉంటే మాట్లాడుకుందాం.

కాగితాలన్న | కర్నూలు | 9:47

నాలుగోది మర్చిపో తమ్ముడూ. కవాసకి కేఎల్ఎక్స్ 140 లాంటి బండ్లు మన దేశంలో ట్రాక్ కోసమే అమ్ముతారు. హెడ్‌లైట్ ఉండదు, ఇండికేటర్ ఉండదు, నంబరు రాదు. బిల్లు పెట్టి కొన్నవాళ్లు కూడా వాటిని ఆటోలోనో వ్యానులోనో ఎక్కించుకుని ట్రాక్‌కు పోవాల్సిందే. నువ్వు సింగనమల గుట్టల దాకా ఎగిరి పోవు కదా. ఇంటి గేటు దాటితే రోడ్డే. నంబరు లేని బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండదు. ఊరి మొదట్లో ఏ ముసలాయనకో తగిలితే ఆ తర్వాత పదేళ్లు కోర్టు మెట్లు, సొంత డబ్బు. పైగా ఆ బండి అసలు ఎవరిదో తెలీదు. షోరూం బిల్లు, బయటి దేశం నుంచి వచ్చి ఉంటే కస్టమ్స్ కాగితం అడిగి చూడు. మళ్లీ నీ ఫోన్ ఎత్తడు.

ఇంపల్స్ 2012ది అంటున్నావు. 15 ఏళ్లు నిండేది 2027లో. అప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి ఆర్సీ రెన్యూవల్ చేయించుకోవాలి. అక్కణ్ణుంచి ఐదేళ్లకోసారి ఇదే పని.

బెంగళూరు బండి 98 వేలు కాదు. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబరు వేయించుకోవాలి. ఏడాదిలోపు ఇదంతా అయిపోవాలి. అక్కడ కట్టిన టాక్స్‌లో మిగిలింది వాపసు అడగొచ్చు, తిరిగే ఓపిక ఉంటే. మన ఆఫీసుల ముందు కేఏ నంబరుతో మూడేళ్లుగా "రేపు మార్పిస్తా" అనేవాళ్లను రోజూ చూస్తుంటా.

కార్బ్‌సామి | అనంతపురం | సోమవారం ఉదయం 6:05

మోడల్ గురించి తర్వాత కొట్టుకుందాం. 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నా. ఒకే మోడల్, ఒకే సంవత్సరం బండ్లు రెండు కొంటే ఒకటి పదేళ్లు నడుస్తుంది, ఇంకోటి పది వారాలకు నా షెడ్డుకొస్తుంది. కాబట్టి చూడటం నేర్చుకో.

అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్లగానే నమస్కారం కంటే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడు. పొద్దున చల్లటి ఇంజిన్ ఎన్ని సెల్ఫులకు లేస్తుందో, లేచాక మొదటి నిమిషం ఎలా కొట్టుకుంటుందో, పొగ ఏ రంగో అప్పుడే తెలుస్తుంది. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. దీన్ని ఎవరూ చూడరు, నేను ముందు చూసేది ఇదే. మన అనంతపురం దుమ్ము గోధుమపిండి లెక్కుంటుంది. మూత విప్పించు. ఫిల్టర్ మురికిగా ఉంటే పర్లేదు, దాని పనే అది. ఫిల్టర్ తీసి పక్కన పెట్టి, దాని వెనక ఇంజిన్ వైపు పోయే రబ్బరు గొట్టం లోపల వేలికి తెల్లగుడ్డ చుట్టి తుడువు. గుడ్డ ఎర్రగా వచ్చిందంటే ఆ దుమ్ము పిస్టన్ దాకా పోయినట్టే. రింగులూ బోరూ ఉప్పుకాగితంతో రుద్దినట్టు అరిగి ఉంటాయి. బండి ఎంత మెరుస్తున్నా అక్కణ్ణుంచి వచ్చేయ్.

ముందు ఫోర్క్ గొట్టాలు తుడిచి, బ్రేకు పట్టి ఆరేడుసార్లు గట్టిగా నొక్కు. గొట్టం మీద ఆయిల్ గీత పడితే సీలు పోయింది. చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తుంది. ముందు చక్రం గాల్లో ఉండేలా నిలబెట్టి హ్యాండిల్ ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా తిప్పు. మధ్యలో ఎక్కడో కిటుక్కుమని ఆగితే హెడ్ బేరింగ్ మార్చాలి. వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపు, ఆడితే స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) బుష్‌లు పోయినట్టు. స్పోకుల మీద స్పానర్‌తో ఒక్కొక్కదాన్నీ తట్టు. బిగుతుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది తప్పుమంటుంది. ఇంజిన్ కింద ప్లేటు ఉంటే విప్పించి పైన కేసు చూడు. సొట్ట పర్లేదు, వెల్డింగ్ మచ్చ కనిపిస్తే వద్దు.

హ్యాండిల్ కొసలు, లివర్లు గీక్కుపోయి ఉంటే కంగారుపడకు. డర్ట్ బైక్ అన్నాక పడుతుంది. పడలేదని చెప్పేవాడినే నమ్మకూడదు.

వంకదాటు | అనంతపురం | 7:30

అందరూ ఎక్స్‌పల్స్ ఎక్స్‌పల్స్ అంటారు. అది 154 కిలోలు. నా యమహా ఆర్ఎక్స్ 100 వంద కిలోల పైచిలుకు అంతే. మట్టిలో పడితే ఒంటి చేత్తో లేపుతా. టూ స్ట్రోక్ కిక్కు రెండో గేరులో తెలుస్తుంది. ఒక మంచి ఆర్ఎక్స్ పట్టి, వెనక షాకులు పొడుగువి వేసి, ముందు పెద్ద చక్రం ఎక్కించి, సైలెన్సర్ పైకి తిప్పించు. నీకు జీవితాంతం ఇంకో బండి అక్కర్లేదు.

కార్బ్‌సామి | 7:52

వంకదాటూ, నీ ఆర్ఎక్స్ పోయిన ఏడాది నా షెడ్డులో ఎన్ని వారాలుందో ఇక్కడ రాయమంటావా?

వంకదాటు | 7:58

అది వేరే విషయం సామీ.

కాగితాలన్న | 8:15

ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఎంత కొత్తదైనా దాదాపు 30 ఏళ్ల బండి. ఇప్పుడు మంచి ఆర్ఎక్స్ అంటే మోజు పడేవాళ్లు ఎక్కువై లక్ష దాటి అడుగుతున్నారు. అలాంటిదాన్ని కోసి వెల్డింగ్ పెడితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తప్పు. ఆర్సీలో ఉన్న బండికీ రోడ్డు మీద ఉన్న బండికీ పొంతన లేకపోతే రెన్యూవల్ రోజు ఏడుస్తావు.

నల్లరేగడి | ఆదోని | 8:40

వంకదాటు అన్న బరువు మాట మాత్రం నిజం. అందరూ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 తీసుకో, సెకండ్స్‌లో చవక అని చెప్తారు. నా దగ్గర ఉంది. హైవే మీద లేహ్ దాకా పోవచ్చు, నాకిష్టమే. కానీ దాదాపు 200 కిలోలు. మా నల్లరేగడిలో వాన పడ్డ మర్నాడు పక్కకు ఒరిగిందంటే లేపేదానికి ఊళ్లోంచి ఇద్దరు రావాలి. వచ్చినవాళ్లకు టీ, బజ్జీ. నెలకు ఎంతవుతుందో లెక్కేసుకో.

నీకు ఎర్రమట్టి, ఇసుక, రాయి కాబట్టి మా బాధ లేదు. అయినా ఏ బండి చూసినా మడ్‌గార్డుకూ ముందు టైరుకూ మధ్య నాలుగు వేళ్లు దూరుతాయో లేదో చూడు. దూరకపోతే వానాకాలంలో మట్టి బిర్రుగా పట్టి చక్రం తిరగదు.

ఎర్రదుమ్ము | 1:10

ఎక్స్‌పల్స్ సీటు 823 మిల్లీమీటర్లు అని ఉంది. నాకు కాళ్లు అందుతాయా? ఫ్రెండ్‌ది ఎక్కి చూస్తే మునివేళ్లే ఆనాయి.

మూడోగేరు | 1:25

నాది నీకంటే అంగుళం తక్కువ. ఒక కాలు ఆనితే చాలు, రెండోది పెగ్గు మీద ఉంచు. ఆగేటప్పుడు ఏ వైపు నేల ఎత్తుగా ఉందో ముందే చూసుకోవడం వారంలో అలవాటైపోతుంది. మట్టిలో కూర్చునేది తక్కువ, నిలబడేది ఎక్కువ. సీటు కోయించకు. 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, ముందు 190, వెనక 170 సస్పెన్షన్ ట్రావెల్ ఉన్నందుకే కదా ఆ ఎత్తు.

ఒక్క మాట. ఎక్స్‌పల్స్ 200టి అని ఇంకోటి ఉంది. అది రోడ్డు బండి, 17 అంగుళాల చక్రాలు. యాడ్‌లో అందరూ ఉత్త ఎక్స్‌పల్స్ అనే రాస్తారు. ముందు 21, వెనక 18 స్పోకు చక్రాలుంటేనే నీ బండి.

పెన్నా ఇసుక | జమ్మలమడుగు | రాత్రి 10:02

ఆలస్యంగా చూశా. మా వైపు నుంచి రెండు మాటలు.

రిమ్ములు చూడటం మర్చిపోకండి. ఇక్కడ నాపరాయి క్వారీల పక్కన దారంతా పలకల ముక్కలే. గాలి తగ్గించి స్పీడుగా పోతే రిమ్ము అంచు వంగుతుంది, ట్యూబుకు పాము కాటు లెక్క రెండు చిల్లులు పడతాయి. బండి స్టాండు వేసి చక్రం తిప్పి, పక్కన పుల్ల పెట్టి చూస్తే రిమ్ము వంకర తెలిసిపోతుంది.

రెండోది బండి సంగతి కాదు. కొన్నాక మా కడప వైపు వస్తే లంకమలలోకి దూరొద్దు. అది అభయారణ్యం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించిన చోటు అదే. పొదల మధ్య నేల మీద తిరిగే పిట్ట అది. పైగా ఎర్రచందనం గొడవ వల్ల చెక్‌పోస్టుల్లో మట్టికొట్టుకున్న బండి, ముఖానికి గుడ్డ కట్టుకున్న కుర్రోడు కనిపిస్తే ఫారెస్టోళ్లు మామూలుగా వదలరు. నన్ను ఒకసారి రెండు గంటలు కూర్చోబెట్టారు. వాళ్ల తప్పేం లేదు, నా వేషం అట్లుంది. పెన్నా ఇసుకలో తిరుగుదాం రండి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటుంది.

ఎర్రదుమ్ము | బుధవారం రాత్రి 8:30

టౌన్ బండి చూసొచ్చా. సామి అన్న చెప్పినట్టే చేశా.

స్టార్ట్ చేయొద్దని పొద్దునే ఫోన్ చేసి చెప్పా. వెళ్లి చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "ఇప్పుడే పాలప్యాకెట్‌కు పోయొచ్చినా" అన్నాడు. సరేలే అనుకున్నా. బండి బాగా మెరుస్తోంది, కొత్త స్టిక్కర్లు, హ్యాండ్‌గార్డులు, పొగమంచు లైట్లు. అనంతపురంలో పొగమంచు లైట్లు దేనికో అడగలేదు.

ఎయిర్ ఫిల్టర్ విప్పుతా అంటే మొహం మారింది. ఒప్పుకున్నాడు. ఫిల్టర్ కొత్తది, తళతళలాడుతోంది. సంతోషపడ్డా. అది తీసి లోపల రబ్బరు గొట్టంలో కర్చీఫ్ పెట్టి తుడిచా. కర్చీఫ్ మీద వేలి ముద్ర ఆకారంలో ఎర్రగా వచ్చింది, పసుపూ కుంకుమా కలిపినట్టు. ఇంకొంచెం లోపలికి పెడితే ఇంకొంచెం ఎరుపు, ఆయిల్ జిడ్డుతో. స్ప్రాకెట్ పళ్లు ఒక వైపుకు కొంకీల్లా వంగి ఉన్నాయి. బ్రేకు పెడల్ మీద గీతలన్నీ అరిగి నున్నగా అయ్యాయి. 31 వేలకే ఇలా అవుతుందా?

95లోంచి 88కి దిగాడు. మా ఫ్రెండ్ తీసేసుకో అంటున్నాడు.

కార్బ్‌సామి | 8:41

వద్దు. పాత ఫిల్టర్‌తో దుమ్ము తాగించి, అమ్మే ముందు కొత్తది వేశాడు. మీటర్ కూడా తిప్పినట్టుంది, పెడల్ అబద్ధం చెప్పదు. ఇంజిన్ విప్పితే బోరు, పిస్టన్, రింగులు, వాల్వులు, నీ 88 వేల మీద ఇంకా పడుతుంది.

మూడోగేరు | 8:50

2019లో ఈ కార్బ్ బండి కొత్తదే ఎక్స్‌షోరూం 97 వేలు. మొదట 95 చెప్పాడంటే, రెండు వేలు తగ్గించి స్టిక్కర్లు ఫ్రీగా ఇద్దామనుకున్నట్టున్నాడు.

ఎర్రదుమ్ము | శనివారం మధ్యాహ్నం 2:15

అన్నలారా, ఇంకోటి దొరికింది. హిందూపురంలో. 2019 చివర కొన్న కార్బ్ ఎక్స్‌పల్స్, ఏపీ39 నంబరు, మొదటి ఓనరే. 14 వేల కిలోమీటర్లు. 78 వేలు. ఓనర్‌కు బదిలీ అయి వేరే ఊరు పోయాడు, బండి ఏడాదికి పైగా వాళ్ల నాన్న దగ్గర రేకుల కింద పట్టా కప్పి ఉంది.

నిజం చెప్పాలంటే చూడటానికి ఘోరంగా ఉంది. బ్యాటరీ చచ్చింది. ఎడమ ఫోర్క్ కారుతోంది. చైన్ తుప్పు పట్టి కర్రలా బిగిసింది. టైర్లకు పక్కల పగుళ్లు. సీటు కింద ఎలుక గూడు. వేరే బ్యాటరీ తగిలించి ప్రయత్నిస్తే లేచింది, కానీ చోక్ నొక్కేయగానే ఆగిపోతోంది. ఆ పెద్దాయన "పెట్రోలు పాతదైపోయింది నాయనా" అని ఆయనే చెప్పాడు.

గొట్టంలో తుడిస్తే కర్చీఫ్ తెల్లగా వచ్చింది. బూజు తప్ప ఏం లేదు. హ్యాండిల్ ఎక్కడా పట్టలేదు. స్పోకుల్లో రెండే తప్పుమన్నాయి. ఫ్రెండ్ మాత్రం ఈ తుప్పుబండి కోసం ఇంత దూరం తెచ్చావా అంటున్నాడు.

కార్బ్‌సామి | 2:31

ఆయిల్ ఎలా ఉంది? గాజులోంచి చూశావా, మజ్జిగ రంగులో ఉందా?

ఎర్రదుమ్ము | 2:36

నల్లగా ఉందన్నా. మజ్జిగలా లేదు.

కార్బ్‌సామి | 2:44

అయితే ఇంజిన్‌లోకి నీళ్లు పోలేదు. తీసుకో. దాని రోగాలన్నీ పైకి కనిపిస్తున్నాయి, ఒక్కోదానికి ధర చెప్పగలను. టౌన్ బండి రోగం లోపలుంది, దానికి ధర నేను కూడా చెప్పలేను. కార్బ్ విప్పి జెట్లు కడిగితే చోక్ లేకుండా నిలబడుతుంది. ట్యాంకులో పెట్రోలు మొత్తం పారబోయించు, 13 లీటర్ల ట్యాంకు, అడుగున తుప్పుందేమో టార్చ్ వేసి చూడు. దాన్ని తోలుకుంటూ రావొద్దు. ఆ టైర్లతో హైవే మీద అసలొద్దు. ఆటో ట్రాలీ మాట్లాడుకో.

ఏడు వేలు తగ్గించమని అడుగు. పెద్దాయన కాబట్టి మర్యాదగా అడుగు.

కాగితాలన్న | 3:05

డబ్బు ఇచ్చే ముందు చాసిస్ నంబరు గీరి చూసి ఆర్సీతో కలుపు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చలాన్లు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ చూడు. లోన్ తీరినా ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు అప్పు నమోదు) తీయించకపోతే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 కావాలి. ట్రాన్స్‌ఫర్‌కు 29, 30 ఫారాల మీద సంతకం ఓనర్‌ది కావాలి, నాన్నది చెల్లదు. వేరే ఊళ్లో ఉన్నాడంటున్నావు కాబట్టి కొరియర్‌లో తెప్పించుకుని, ఆ సంతకం చేతికొచ్చాకే పూర్తి డబ్బివ్వు. ట్రాన్స్‌ఫర్ నెల లోపు పెట్టెయ్.

వంకదాటు | 3:20

ఒప్పుకుంటున్నా, ఆర్ఎక్స్ వద్దులే. కానీ మిగిలిన డబ్బుతో లైట్లు, స్టిక్కర్లు కొన్నావో చూడు. ముందు బూట్లు కొను. చీలమండ కప్పేవి. నేను చెప్పులతో వంక దాటబోయి బండికీ బండరాయికీ మధ్య కాలు పెట్టి మూడు నెలలు మంచం మీదున్నా. ఈ పేరు అందుకే పెట్టుకున్నా.

మూడోగేరు | 3:24

ఇన్నాళ్లూ ఏదో సాహసం చేశావని అనుకుంటున్నాం కదన్నా.

ఎర్రదుమ్ము | మూడు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 12:40

71 వేలకు కుదిరింది. పెద్దాయన ఎలుక గూడు తనే తీసి, సీటు తుడిచి, టూల్‌కిట్‌తో పాటు ఒక సంచి మామిడికాయలు కూడా ఇచ్చాడు. ట్రాలీకి, బ్యాటరీకి, ఫోర్క్ సీళ్లకు, కార్బ్ క్లీనింగ్‌కు, చైన్ సెట్‌కు, రెండు టైర్లకు, ట్రాన్స్‌ఫర్‌కు కలిపి 92 వేల దగ్గర తేలింది. మిగిలినదాంట్లో బూట్లు. సామి అన్న లేబర్ తక్కువే తీసుకున్నాడు, ఇక్కడ రాయొద్దన్నాడు, రాశా.

ఇవాళ మొదటి రైడ్. సింగనమల చెరువు వెనక గుట్ట ఎక్కే చోట పోయిన నెల నాన్న బండి తోసుకుంటూ ఎక్కినవాణ్ణి, ఇవాళ రెండో గేరులో నిలబడి ఎక్కా. శనక్కాయ చేలు విత్తారు కాబట్టి గట్ల మీద పోకుండా డొంకదారే పట్టుకున్నాం. ఒక రైతు ఆపి మరీ బండి ఎంతని అడిగాడు.

తిరిగొచ్చేటప్పుడు వెనక టైరు మెత్తబడింది. చూస్తే తుమ్మముల్లు కూడా కాదు, పల్లేరు కాయలు. లెక్కపెడితే పదకొండు.

కార్బ్‌సామి | 12:52

పల్లేరు ఉన్న బీడులో గాలి తగ్గించకు. రాళ్లలో ఇరవై పీఎస్ఐకి, ఇసుకలో పద్దెనిమిదికి దించు, బీడు వచ్చేసరికి మళ్లీ కొట్టు. చేతి పంపు సంచిలో ఉండాల్సిందే. ట్యూబు ఒక్కటే పెట్టుకునేదుంటే ముందు చక్రానిది, 21 అంగుళాలది పెట్టుకో. అవసరానికి అదే మడతపడకుండా సర్ది వెనక 18లో ఎక్కిస్తే ఇంటిదాకా వస్తుంది. వెనకది ముందు చక్రంలో పట్టదు.

ఎర్రదుమ్ము | 12:55

ఇప్పుడు చెప్తావా సామన్నా, వెనకదే కొనుక్కొచ్చా.

పెన్నా ఇసుక | 1:10

వచ్చే ఆదివారం జమ్మలమడుగు రండి. పొద్దున ఆరుకు, గండికోట దారి మొదట్లో. నా దగ్గర రెండు చక్రాల ట్యూబులూ ఉంటాయి.

మూడోగేరు | 1:14

నేను రెడీ. ఎర్రదుమ్మూ, నాన్నకు ఆ సైలెన్సర్ చూపించావా?

ఎర్రదుమ్ము | 1:31

సామి అన్న సొట్ట తీశాడు. నిన్న నాన్న బండి కడుగుతూ, ఇది ఎప్పుడు మార్పించావురా అని అడిగాడు.